జలదాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి జీవితము



మన ఆత్మకూరు ఆలయ జీర్ణోద్ధరణ, పునఃప్రతిష్ఠ, కుంభాభిషేక మహోత్సవముల సందర్భమున వెలువడుచున్న ఈ సంచికకు ఒక వ్యాసము వ్రాయవలసినదని ఆలయ కమిటీవారు నన్ను కోరిరి. స్థలపురాణమునో, ప్రతిష్ఠావిధినో వ్రాయుదునని వారు తలచియుందురు. ఆ రెండింటిని నాకంటె బాగుగ ఎరిగినవారు ఈ సంచికలోనే వ్రాయుచున్నారు. నేనొక ఇంజనీరు జీవితమును మీ ముందుంచ సంకల్పించితిని. వేదపాఠశాలలో చదివిన అర్చకునకు ఇంజనీరుతో ఏమి పని అని మీరనవచ్చును. మన ఆలయపు బావియే దానికి కారణము.

ప్రతిష్ఠకు ముందు మూర్తులకు జలాధివాసము జరుగునని మీరెరుగుదురు. నూతన బింబమును శుద్ధోదకమున శయనింపజేసి, వరుణుని ఆవాహనము చేసి, ఆ పిమ్మట ధాన్యాధివాసాదులు జరుపుదురు. కలశస్థాపనకు నీరు, అభిషేకమునకు నీరు, తీర్థమునకు నీరు, చివర అవభృథమునకును నీరే. శాస్త్రము పూర్తధర్మమని చెప్పిన వానిలో దేవాలయ నిర్మాణముతోబాటు వాపీ కూప తటాకములు గూడ చేరియున్నవి. అనగా ఆలయము కట్టించినవాడును, బావి త్రవ్వించినవాడును ఒకే కోవలోనివారు. సప్తసంతానములలోను తటాకమొకటి. పుత్రుడు లేనివానికి చెరువు పుత్రస్థానమున నిలుచునని పెద్దలు నమ్మిరి.

సంతానము నిలువని ఒక మహానుభావుడు నూటొక్క సంవత్సరములు జీవించి, దేశమందు ఇన్ని జలాశయములకును, నీటిబావులకును కర్త యయ్యెను. ఆయనయే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. వారిని మైసూరు దివానుగా, కృష్ణరాజసాగర నిర్మాతగా అందరు నెరుగుదురు. ఆయన మన తెలుగువారనియు, ఆయన బాల్యమున ఒక పెద్ద దుఃఖము మనకు కూతవేటు దూరమున నున్న కర్నూలులో జరిగినదనియు ఎరిగినవారు తక్కువ.

మోక్షగుండము కంభము, గిద్దలూరు ప్రాంతమునందలి గ్రామము. వారి పూర్వులు ములకనాటి బ్రాహ్మణులు. ఆ గ్రామమును విడిచి మైసూరు సీమకు తరలిపోయి, నేటి చిక్కబళ్ళాపురము చెంతనున్న ముద్దేనహళ్ళిలో స్థిరపడిరి. ఊరు మారినను ఇంటిపేరు మారలేదు, ఇంటి భాషయు మారలేదు. ఆ ముద్దేనహళ్ళిలో శ్రీనివాసశాస్త్రి, వెంకటలక్ష్మమ్మ దంపతులకు విశ్వేశ్వరయ్యగారు సెప్టెంబరు 15వ తేదీన జన్మించిరి. సంవత్సరము 1860 అని కొందరు, 1861 అని మరికొందరు వ్రాసిరి. శతజయంతి పేరిట తపాలాబిళ్ళ 1960లో వెలువడినది గనుక నేను మొదటిదానినే గ్రహించితిని. జాతకచక్రము చూచినచో తేలునేమో గాని అది నాకు లభింపలేదు.

తండ్రి సంస్కృత పండితుడు, ఆయుర్వేదము తెలిసినవాడు. ధనవంతుడు కాడు. విశ్వేశ్వరయ్యగారికి బాల్యము దాటకమునుపే, కుటుంబము కర్నూలులో నుండగా, ఆయన పరమపదించిరి. తుంగభద్ర ఒడ్డునున్న ఆ పట్టణమున ఒక పసివాడు తండ్రికి తిలోదకములు విడిచి తల్లితో మరల ముద్దేనహళ్ళికి తిరిగిపోయెనని తలచుకొన్నప్పుడు నాకు మనస్సు చెమర్చును. మనలో ఎందరమో కర్నూలుకు వైద్యమునకును, వస్త్రములకును పోయి వచ్చుచుందుము. ఆ ఊరికి ఇట్టి జ్ఞాపకమొకటి యున్నదని ఇకమీదట మీకును తెలియును.

చిక్కబళ్ళాపురమున ప్రాథమిక విద్య ముగించి, మేనమామ రామయ్యగారి ఆదరణతో బెంగుళూరు చేరిరి. అచట ఒక కొడగు కుటుంబపు పిల్లలకు పాఠములు చెప్పి, ఆ వేతనముతో సెంట్రల్ కళాశాలలో చదివి 1881లో బి.ఏ. పట్టము పొందిరి. మైసూరు ప్రభుత్వపు విద్యార్థివేతనముతో పూనా సైన్సు కళాశాలలో ఇంజనీరింగు అభ్యసించి 1883 పరీక్షలో బొంబాయి రాజధానియంతట ప్రథముడుగా ఉత్తీర్ణులైరి. మరుసటి యేడు బొంబాయి ప్రజాపనుల శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరిరి. నాసిక్, ఖాందేశ్, పూనా మండలములలో చిన్నచిన్న పనులు చేయుచు పదియేండ్లు గడిపిరి. ఆ పనుల వివరములతో మీకు విసుగు కల్పింపను.

ఇక నేను నిలిచి చెప్పదలచిన ఘట్టము సక్కరు పట్టణమునందలిది. సక్కరు సింధునదీతీరమున, నేటి పాకిస్థానమున నున్నది. అక్కడ 1932లో పూర్తియైన పెద్ద బరాజును మీలో కొందరు విని యుండవచ్చును. అది ఇతరుల కృషి. విశ్వేశ్వరయ్యగారు అచటికి వెళ్ళినది అంతకు దాదాపు నలువదేండ్ల ముందు, 1894 ప్రాంతమున, ఆ ఊరి పురపాలకసంఘమునకు మంచినీటి పథకము కట్టి యిచ్చుటకు. సింధువు మహానది. వేదమునందే స్తుతింపబడిన నది. నదికి కొదువ లేదు, నీటికి కొదువ లేదు. ఐనను ఊరివారికి త్రాగుటకు మంచినీరు లేదు. వరదనీటి బురదతో కలగిన నీరే కడవలకెక్కెడిది. ఏటి ఒడ్డున దాహమనునది మన పాలమూరువారికి ఒకరు చెప్పవలసిన మాట కాదు గదా!

నీటిని ఏటినుండి యంత్రముతో తోడి, గుట్టమీద కట్టిన తొట్టికి చేర్చి, అచటినుండి గొట్టముల ద్వారా వీధులకు పంపవలెనని పథకము. కాని ఆ నీటిని ముందుగా వడకట్టవలెను. ఇసుక పరచిన వడపోత తొట్లు కట్టుటకు పురపాలకసంఘమువారి యొద్ద తగిన ధనము లేదు. అక్కడ మరొకరైనచో పథకమును మూటకట్టి ప్రభుత్వమునకు తిప్పి పంపెడివారే. విశ్వేశ్వరయ్యగారు ఏటివైపు చూచిరి. వడపోతకు కావలసిన ఇసుకను నది తానే వేలయేండ్లుగా పరచియుంచినది. వారు ఒడ్డునకు సమీపముగా నదీగర్భముననే ఒక గుండ్రని బావి త్రవ్వించిరి. పైనుండు బురదనీరు ఇసుకపొరల గుండ మెల్లమెల్లగా దిగి ఆ బావిలోనికి తేటగా ఊరెను. ఊరునీరు ఊరంతటికి చాలునా యను సందేహము కలిగినంతట, బావి అడుగునుండి నదివైపునకు ఇసుక క్రింద ఒక సొరంగమును పోనిచ్చి ఊటను పెంచిరి. ఆ నీటినే యంత్రములు గుట్టమీదికెక్కించినవి. వేరుగా వడపోత తొట్లు కట్టవలసిన పనియే లేకపోయినది.

మీరు కొంచెమాలోచింపుడు. ఇది మన వాగులలోని చెలమ కాదా? ఎండకాలమున ఊకచెట్టువాగు ఎండినప్పుడు మన అమ్మలు ఇసుకలో మోచేతిలోతు గుంట చేసి, మొదట ఊరిన కలకనీటిని చేతితో చిమ్మివేసి, తేటపడిన తరువాత గిన్నెతో ముంచి కడవ నింపుకొనెడివారు. ఆ చెలమనీటి రుచి ఎరిగినవారు నా వయస్సువారిలో ఇంకను ఉన్నారు. విశ్వేశ్వరయ్యగారు చేసినది ఆ చెలమనే ఒక పట్టణమునకు సరిపడునంత చేయుట. పెద్ద చదువు చదివినవాడు పల్లెవాని ఉపాయమును చిన్నచూపు చూడకుండుట అరుదు. అందుచేతనే ఆయన కట్టించిన మహాసాగరములకంటె ఆ సక్కరు బావియే నాకు ఎక్కువ ఇష్టము. ఇది నా అభిప్రాయము మాత్రమే. ఇంజనీరులు అంగీకరింపకపోవచ్చును.

సుమారు పండ్రెండేండ్ల పిమ్మట, 1906లో, ఆంగ్ల ప్రభుత్వము వారిని సముద్రమవతలనున్న ఏడెన్ పట్టణమునకు పంపెను. అది చుట్టును ఉప్పునీరు, పైన వాన లేని ఎడారి. అచటను ఆయన ఇదే సూత్రమును ఆశ్రయించిరి. దూరముననున్న కొండలమీద కురిసిన వాన ఇసుకయేటిలో ఇంకిపోవుచున్నదని గ్రహించి, ఏడెనుకు ఉత్తరమున లాహెజ్ ప్రాంతపు ఏటిగర్భమున బావులు త్రవ్వి ఆ నీటిని తెచ్చుకొనవలసినదని సూచించిరి. కంటికి కనబడని నీటిని ఊహింపగలుగుట వారి నైజము.

మంచి బావి యనగా నీరున్న బావి మాత్రమే కాదని చెప్పుటకు ఇక్కడ కొంచెము ప్రక్కకు తొలగుదును, మన్నింపుడు. నేను బాలుడనైయుండగా మా పల్లెలో త్రాగునీటికి ఉన్నది ఒక దిగుడుబావి. మెట్లు దిగి, మోకాలిలోతు నీటిలో నిలిచి బిందెలు ముంచుకొనెడివారు. ఏటేట వేసవిలో ఇంటికొకరు నారికురుపుతో మంచము పట్టెడివారు. కాలిమీద బొబ్బ లేచి, అది పగిలి, దారమువంటి పురుగు వెలికి వచ్చును. దానిని ఒక పుల్లకు చుట్టి, దినమునకు కొంచెము కొంచెముగా లాగవలెను. త్రెంచినచో కాలంతయు వాచిపోవును. మా తండ్రిగారు ఒక వేసవియంతయు సంధ్యావందనమునకు సైతము లేవలేక అరుగుమీదనే కూర్చుండుట నాకు జ్ఞాపకమున్నది. కర్మఫలమనియు, గ్రహదోషమనియు శాంతులు జరిపిరి. కారణము మెట్లమీదనే యున్నది. పుండు గలవాడు నీటిలో కాలు పెట్టగానే పురుగు పిల్లలు నీటిలో చేరును. కంటికానని నీటిపేలు వానిని మ్రింగును. ఆ నీరు త్రాగినవానికి ఏడాది తిరుగునప్పటికి మరల కురుపు లేచును. దిగుడుబావులను మూసి, గట్టు కట్టి గిలకలు బిగించి, చేతిపంపులు వేసి, నీటిని గుడ్డతో వడకట్టుట నేర్పిన తరువాతనే ఆ పీడ తొలగినది. మన దేశము 2000 సంవత్సరమున నారికురుపు లేని దేశముగా ప్రపంచ ఆరోగ్య సంస్థచే గుర్తింపబడినది. ఏ మందుచేతను కాదు సుమా, బావి గట్టుచేత!

ఇక మరల కథకు వత్తము. విశ్వేశ్వరయ్యగారు పూనాలో నున్నప్పుడు ఖడక్‌వాస్లా జలాశయమునకు 1903లో స్వయముగా తెరచుకొని, స్వయముగా మూసికొను తలుపులను కల్పించిరి. నీరు హద్దు మీరినప్పుడు తలుపు లేచును, తగ్గినప్పుడు పడును. మనుష్యుని చేయి తగులనక్కరలేదు. మనకు ఇరుగుననే యున్న సరళాసాగరమును మీరు చూచియుందురు. అచటి సైఫనులు వేరు పద్ధతివి. 1959లో పూర్తియైనవి. కాని నీరు తన మట్టమును తానే చూచుకొనవలెనను తలంపు రెండింటను ఒక్కటియే. ఆ సరళాసాగరపు కట్ట 2019 డిసెంబరు 31వ తేదీన తెగినప్పుడు, ఎన్నో ఏండ్ల తరువాత నిండిన చెరువు కనులయెదుట ఖాళీయగుట చూచి రైతులు పొందిన బాధ మీరెరుగనిది కాదు. కట్టను తరువాత మరల కట్టిరి. కట్టినవాని కీర్తి శాసనమునకెక్కును గాని, కట్టను ఏటేట కనిపెట్టుకొనియుండువాని పేరు ఎవరికిని తెలియదు.

చెరువుకట్ట తెగుట యనునది ఎంతటి ప్రళయమో హైదరాబాదు నగరము 1908 సెప్టెంబరు 28న చూచినది. ఆనాడు మూసీనది ఉప్పొంగి నగరమును ముంచివేసినది. ఎగువప్రాంతమున రెండువందలకు పైగా చెరువులు ఒకదాని వెనుక నొకటి తెగి ఆ నీరంతయు మూసీలో పడినది. వేలకొలది జనులు మరణించిరి. మృతుల సంఖ్య పదునైదువేలని చెప్పుదురు. అఫ్జల్‌గంజి చెంత ఒక చింతచెట్టు ఎక్కి నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొన్నారని ప్రసిద్ధి. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణమున నున్నది. అప్పటి నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్‌గారు పూజాద్రవ్యములతో స్వయముగా వచ్చి మూసమ్మను శాంతింపజేసిరని మన పెద్దలు చెప్పుకొనెడివారు. మన ఆత్మకూరు సంస్థానము సైతము అప్పుడు నిజాము ఏలుబడిలోనిదే గనుక ఆ వార్త ఇక్కడికి త్వరగనే చేరియుండును.

విశ్వేశ్వరయ్యగారు ఆ సమయమున బొంబాయి కొలువునకు స్వస్తి చెప్పి విదేశయాత్రలో నుండిరి. భారతీయుడగుటచేత ఆ శాఖలో పైమెట్టు తమకు లభింపదని వారికి తెలిసియుండెను. నిజాము ప్రభుత్వము పిలువగా 1909లో హైదరాబాదు వచ్చి, కొన్ని నెలలపాటు నదిని, వాగులను, తెగిన చెరువులను, వర్షపు లెక్కలను పరిశీలించిరి. నదికి ఇరువైపుల ఎత్తైన గోడలు కట్టుటతో సరిపుచ్చక, వరదను నగరమునకు ఎగువననే పట్టి నిలుపవలెనని నిర్ణయించిరి. మూసీమీద ఒకటి, దాని ఉపనదియైన ఈసీమీద ఒకటి జలాశయములు కట్టవలసినదని సూచించిరి. ఆ సూచనల ఫలితమే 1920లో పూర్తియైన ఉస్మాన్‌సాగరము, 1927లో పూర్తియైన హిమాయత్‌సాగరము. గండిపేటనీరని మనవారు చెప్పుకొను నీరు ఆ ఉస్మాన్‌సాగరముదే. ప్రాణములు తీసిన నీటిని పట్టి త్రాగునీరుగా మార్చిరి. ఒక్క కట్టుబడితో రెండు పనులు నెరవేరినవి. సూచించినవారు విశ్వేశ్వరయ్యగారైనను నిర్మాణము వేరొకరి చేతులమీదుగా, అలీ నవాజ్ జంగ్ బహదూరువంటి సమర్థుల నిర్వహణమున జరిగినది. ఆ న్యాయము మనము తప్పరాదు.

1909 చివర మైసూరు ప్రభుత్వము వారిని ప్రధాన ఇంజనీరుగా తీసికొనెను. 1912 నుండి 1918 వరకు దివానుగా నుండిరి. దివానుపదవి స్వీకరించుటకు ముందు బంధువులనందరిని పిలిచి, తమ ద్వారా సిఫారసులు కోరబోమని మాట పుచ్చుకొన్నారని చెప్పుదురు. సర్కారు కొవ్వొత్తి, సొంత కొవ్వొత్తి అను కథయు, రైలుపట్టాల చప్పుడు విని ప్రమాదమును పసిగట్టిన కథయు మీరు పాఠ్యపుస్తకములలో చదివియేయుందురు. అవి ఎంతవరకు జరిగినవో నేను నిర్ణయింపజాలను గనుక వదలివేయుచున్నాను. వారి హయామున గ్రామాభివృద్ధి సంఘములు ఏర్పడి, ఊరివారు తాముగా కొంత శ్రమయు కొంత ధనమును ఇచ్చి, తమ బావులు, చెరువులు, బాటలు బాగుచేసికొను ఏర్పాటు కల్పింపబడినది. పెద్ద ఆనకట్టలు కట్టినవాడు మారుమూల పల్లెలోని బావిని మరువలేదని దీనివలన తెలియుచున్నది.

కృష్ణరాజసాగరమును గూర్చి చెప్పక తీరదు. కావేరిమీద 1911లో ఆరంభించిన ఆ నిర్మాణము రెండు దశాబ్దములు సాగినది. సిమెంటు దొరకుట కష్టమైన ఆ రోజులలో ఇటుకపొడి, సున్నము కలిపిన సుర్కీతో అంత కట్టను నిలిపిరి. మండ్య సీమ సస్యశ్యామలమైనది. మైసూరు, బెంగుళూరు నగరములకు ఆ కావేరి నీరే ఆధారమైనది. ఇంతవరకు అందరును చెప్పుదురు.

అర్చకుడనైన నేను మరియొకటి చెప్పవలెను. ఆ జలాశయమున కన్నంబాడి గ్రామము మునిగినది. దానితో అచటి ప్రాచీన వేణుగోపాలస్వామి ఆలయమును మునిగినది. హొయసల శిల్పులు మలచిన ఆలయమది. నీరు అడుగంటిన కరవు సంవత్సరములలో శిఖరమును, మండపస్తంభములును వెలికి వచ్చి చూపరుల కన్నీరు తెప్పించెడివి. కడకు ఇటీవలి కాలమున ఒక ధర్మసంస్థవారు ఆ రాళ్ళనన్నింటిని గుర్తులు వేసి, ఊడదీసి, ఒడ్డున మరల యథాతథముగా నిలిపిరి. ఇన్నేండ్లు స్వామికి నిత్యదీపము కొండెక్కిన మాట నిజము. ఇండ్లు, పొలములు విడిచిపోయిన జనుల కష్టమును నిజమే. లక్షలమందికి నీరందుటయు నిజమే. ఈ మూడింటిలో దేనిని తూకమునకు పెట్టి దేనిని తగ్గింపవలెనో నాకు తెలియదు.

ఇది పరదేశపు కథ యనుకొనకుడు. శ్రీశైలము ప్రాజెక్టు కట్టినప్పుడు మన కృష్ణా తుంగభద్రల ఒడ్డున నూరింటికి పైగా గ్రామములు మునిగినవి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాతికి రాయి విప్పి అలంపురమునకు తరలించిరి. జటప్రోలు మదనగోపాలస్వామివారి ఆలయమును తరలిపోయినది. కదిలింపబడిన మూర్తులకు కళాకర్షణము చేసి, నూతనాలయమున మరల ప్రతిష్ఠ చేయువిధి శాస్త్రమున కలదు. కదిలింపబడిన ఊరికి ఏ విధి కలదో ఎవరును చెప్పలేదు. ఆ ముంపు గ్రామములనుండి వచ్చినవారు మన దాతలలోను ఉన్నారు. తమ ఊరి గుడి మునిగినందున ఈ గుడికి ఇచ్చుచున్నామని వారు నాతో చెప్పినప్పుడు రశీదు వ్రాయుచున్న నా చేయి ఆగినది.

మహారాజావారితో కొన్ని విషయములందు అభిప్రాయభేదము రాగా విశ్వేశ్వరయ్యగారు 1918లో దివానుపదవిని విడిచిరి. అటు పిమ్మట నలువదేండ్లకు పైగా జీవించుట విశేషము. భద్రావతి ఇనుప కర్మాగారమును చక్కబరచిరి. హైదరాబాదుకు మరల వచ్చి మురుగునీటి ఏర్పాట్లను చూచిరి. ఒరిస్సా వరదలపై సలహాలిచ్చిరి. తొంబదియేండ్లు దాటిన వయస్సున గంగపై వంతెనకు స్థలనిర్ణయము చేయుటకు బీహారు వెళ్ళిరి. 1955లో భారతరత్న బిరుదము లభించినది. కుటుంబజీవితమున మాత్రము వారికి సుఖము దక్కలేదు. భార్యావియోగము కలిగినది, సంతానము నిలువలేదు. వారు నిత్యానుష్ఠానపరులని గాని, క్షేత్రాటనలు చేసిరని గాని నేను చెప్పబోను. సంస్కృత పండితుని కుమారుడు సంధ్యకంటె గడియారమును ఎక్కువగ నమ్మెనని కొందరు ఆక్షేపింతురు. నియమితకాలమునకు నియమితకర్మ చేయుటయే గదా సంధ్య యనునది అని నేను సమాధానము చెప్పుకొందును.

1962 ఏప్రిల్ నెలలో బెంగుళూరున వారు కన్నుమూసిరి. దేహమును ముద్దేనహళ్ళికి తీసికొనిపోయి అంత్యక్రియలు జరిపిరి. పుట్టిన ఇంటికి సమీపముననే సమాధి యున్నది. వారి జన్మదినమును దేశమంతట ఇంజనీరుల దినోత్సవముగా జరుపుచున్నారు.

ఇక మొదట చెప్పిన బావి సంగతి. మన ఆలయమునకు ఈశాన్యమున నున్న రాతిబావి మీలో పెద్దలకు జ్ఞాపకముండును. సుమారు ఇరువదియేండ్ల క్రిందట ఆలయమున బోరు వేయించినప్పుడు, ఇక బావితో పనిలేదనుకొని, ప్రహరీ కట్టగా మిగిలిన రాళ్ళు, మట్టి అందులో పోయించితిమి. పిల్లలు పడుదురను భయమును ఒక కారణము. అప్పుడు నేనును వద్దనలేదు. పైగా చదును చేయించి అచట తులసికోట పెట్టించితిని. రెండు మూడేండ్లకే బోరునీరు ఉప్పనైనది. అభిషేకము చేసిన శిల మీద తెల్లని పొర కట్టసాగినది. తీర్థమును నోట పోసికొన్న భక్తుల ముఖములు చూచి నాకు సిగ్గు కలిగెడిది. ఇంటింటికి మిషన్ భగీరథ కుళాయినీరు వచ్చిన తరువాత ఆ నీటినే బిందెలతో తెచ్చి అర్చన నడిపితిమి. నూతిని పూడ్చుట పాపమని చదివిన నేనే నిలిచి పూడ్పించితిని. సంకల్పము చెప్పునప్పుడెల్ల అది నాకు గుర్తు వచ్చుచుండెను.

ఈ జీర్ణోద్ధరణలో మొదట కమిటీవారిని నేను కోరినది గోపుర కలశము కాదు, ఆ బావిని తెరిపించుట. కొందరు వృథాఖర్చనిరి. వడ్డెరవారు ఇరువదిరెండు దినములు పూడిక తీసిరి. నలువది అడుగుల లోతున పాత రాతివరుస చెక్కుచెదరక కనబడినది. పదునెనిమిదవ దినమున ఊట తగిలినది. మొదటి నీరంతయు తోడి పారబోసి, మూడుమార్లు సున్నము, బ్లీచింగు వేసి శుద్ధిచేసి, నీటిని పరీక్షకు పంపితిమి. త్రాగుటకు పనికివచ్చునని కాగితము వచ్చిన తరువాతనే జలాధివాసమునకు ముహూర్తము నిశ్చయించితిమి. ఈ పనికి ధనమిచ్చిన దాత తన పేరు గట్టుమీద చెక్కవలదనిరి గనుక ఇక్కడను వ్రాయుట లేదు.

ఉత్సవమునకు వచ్చు భక్తులకు ఒక మనవి. బావిగట్టు మూడడుగుల ఎత్తున కట్టించి, పైన ఇనుపజాలి, గిలక బిగించినాము. ఆలయమువారు ఉంచిన చేదతోనే నీరు తోడవలెను. ఇంటినుండి తెచ్చిన బిందెలను, బొక్కెనలను బావిలోనికి దింపరాదు. గట్టుపై కాళ్ళు కడుగరాదు. అందుకు దక్షిణమున వేరుగా తొట్టి కట్టించియున్నది. కలశయాత్రకు నీరు పట్టుకొను స్త్రీలు సూర్యోదయమునకు ముందే రాగలరు. ఆ వేళ ఊట నిండుగ నుండును.